గడప ఎత్తులో ఇంటు గుర్తు

జీపు నాలుగు గంటలకు వస్తుందని పొద్దున బోరింగు దగ్గర ఎవరో అంటుంటే సిద్దమ్మ విన్నది. ఇప్పుడు మూడు దాటింది, గోడ నీడ ఇంకా కాలువ దాకా రాలేదు, కాలువను తాకితే మూడున్నర, దాటి ఎదురింటి అరుగు ఎక్కితే నాలుగు, ఈ ఇంట్లో గడియారం అంటే అదే. అసలు గడియారం పోయిన శ్రావణంలో ఆగిపోతే తమ్ముడు ఓబులేషు దాన్ని సంచిలో వేసుకుని బెంగళూరు కట్టడం పనికి పోయాడు, బాగు చేయించుకొస్తానన్నాడు, వాడూ రాలేదు, గడియారమూ రాలేదు. పోనీ, నీడ అబద్ధం చెప్పదు. ఆమె గడపకు ఆనుకుని నేల మీద కూర్చుంది, చచ్చుపడిన కాళ్లు రెండూ చీర కిందికి మడుచుకుని, చేతులకు తొడుక్కునే రబ్బరు చెప్పులు పక్కన పెట్టుకుని. ఒళ్లో గంగాధర్, ఓబులేషు పెద్దకొడుకు, వచ్చే నెలకు ఐదేళ్లు నిండుతాయి, మెడ ఇంకా నిలవదు. ఆమె వెనక తలుపు రెక్క మీద, నేలకు మూరెడు ఎత్తులో, ఇంటు గుర్తు ఉంది, ఆమె చేత్తో ఆమె గీసింది. జీపు దాన్ని చూడాలి. చూడకపోతే ఈ పిల్లవాడికి ఇంక చుక్కల్లేవు, ఐదేళ్లు దాటిన పిల్లలను వాళ్లు అడగరు, ఇదే చివరి విడత, ఇదే చివరి రోజు, ఈ మంగళవారం ఇక ఇంతే మిగిలింది.

పోలియో చుక్కల వాళ్ల పద్ధతి ఊళ్లో అందరికీ తెలుసు. ఆదివారం బడి దగ్గర కూర్చుంటారు, సోమ మంగళవారాలు ఇల్లిల్లూ తిరుగుతారు, ఇంట్లో పిల్లలందరికీ వేస్తే తలుపు మీద సుద్దముక్కతో ఇంగ్లీషు పీ రాసి కింద ఎందరికి ఎందరని అంకెలు వేస్తారు, ఒక్కరు మిగిలినా ఇంటు గుర్తు పెడతారు, ఇంటు పెట్టిన ఇంటికి మళ్లీ రావాలి, చివరి రోజు సూపర్‌వైజరు జీపు వేసుకుని వచ్చేది ఆ ఇంటు గుర్తులు వెతకడానికే. ఈ ఇంటి మీద నిన్న పీ పడింది. కింద ఒకటికి ఒకటి. ఇంట్లో పిల్లలు ఇద్దరు. ఈ రోజు మధ్యాహ్నం అది చూసి సిద్దమ్మకు ఒళ్లు మండింది, చేయి అందే ఎత్తు కాదు, నిలబడ్డ మనిషి కళ్లెదుట రాసిన పీ, కూర్చున్న మనిషికి ఆకాశంలో ఉన్నట్టే, చెంబు నిండా నీళ్లు తీసుకుని ఎత్తి కొట్టింది. ఈ ఊళ్లో నీళ్లు అట్లా పారబోయడం పాపం, ట్యాంకరు వారానికొకసారి వస్తుంది, అయినా కొట్టింది, రెండో చెంబు కూడా కొట్టింది, పీ కరిగి తెల్లగా తలుపు మీద కారింది. తర్వాత జాకెట్ల మీద గీతలు గీసుకునే తన బిళ్ల సుద్ద తీసి ఇంటు గీసింది. చేయి ఎంత దూరం సాగితే అంత పెద్దది.

చెంబు చప్పుడుకు లక్ష్మీదేవి, తమ్ముడి భార్య, చంటిదాన్ని చంకనేసుకుని పరిగెత్తుకొచ్చింది. "ఏమి పని వదినా ఇది, గవర్నమెంటోళ్లు రాసింది తుడుస్తారా, కేసు గీసు పెడితే?" అంది. సిద్దమ్మ ఖాళీ చెంబు పక్కన బోర్లించింది. పెట్టనీ. కేసు పెడితే కల్యాణదుర్గం కోర్టుకు పోవాలి, కోర్టుకు ఎన్ని మెట్లున్నాయో అదీ చూసినట్టుంటుంది, జడ్జి కిందికి దిగి వస్తాడా, నన్ను పైకి మోయిస్తాడా. మోయించుకోను. ఆ మాట తనలో తనే అనుకుని కొంచెం నవ్వుకుంది కూడా, నవ్వుతూనే కోపం, ఈ కోపం నిన్న సాయంత్రం నుంచి కడుపులో కూర్చుని ఉంది, అన్నం తినబుద్ధి కాలేదు, సంగటి ముద్ద అట్లాగే గిన్నెలో ఎండింది.

నిన్న సాయంత్రం అంటే గోరు చూసినప్పుడు. గంగాధర్ రెండు పిడికిళ్లూ ఎప్పుడూ మూసే ఉంటాయి, పుట్టినప్పటి నుంచి అంతే, బొటనవేలు లోపలికి పోయి మిగతా నాలుగూ దాని మీద బిగుసుకుని ఉంటాయి, ఎంత లాగినా రావు, లాగితే ఏడుస్తాడు, లాగేకొద్దీ ఇంకా బిగుస్తాయి. రెండు నెలల కిందట కల్యాణదుర్గంలో వికలాంగుల సంఘం వాళ్లు పెట్టిన క్యాంపులో ఒక అమ్మాయి, ఇంకా చదువుకుంటున్న పిల్ల లాగుంది, చేతికి గాజులు కూడా లేవు, వాడి చేయి పట్టుకుని, లాగకండి అత్తా అంది, మణికట్టును మెల్లగా లోపలికి వంచండి, అంతే చాలు, వేళ్లు వాటంతటవే విచ్చుకుంటాయి. విచ్చుకున్నాయి. సిద్దమ్మ నోరు తెరుచుకుని చూసింది, నాలుగున్నరేళ్లుగా ఈ ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి, బలవంతం చేస్తే మూసుకునేది, వంచితే తెరుచుకునేది. ఆ రోజు నుంచి సాయంత్రం కుట్టు మిషను మూత వేసి పిల్లవాడి అరచేతులు తనే తుడుస్తుంది, మడతల్లో చెమట పట్టి వాసన వస్తుంది, కొబ్బరినూనె రాస్తుంది, గోర్లు తీస్తుంది. నిన్న ఎడమ చేయి విప్పి చిటికెన వేలు చూస్తే గోరు తెల్లగా ఉంది. పక్కన జోలెలో ఏడాది పిల్ల హేమలత చిటికెన వేలి గోరు నల్లగా నిగనిగలాడుతోంది, చుక్కలు వేసినప్పుడు పెట్టే సిరా, వారం పది రోజులు పోదు. ఈ గోరు తెల్లగా ఉంది. మూసిన పిడికిట్లో గోరు ఎట్లుందో ఎవరు చూస్తారు, ఎవరూ చూడరు, తను కూడా చూడలేదు కదా, నాలుగేళ్లుగా వాడికీ వేయిస్తున్నారనే అనుకుంది, ఒకే ఇంట్లో ఉంటూ.

"లచ్చిందేవీ, వీనికి చుక్కలు వేయలేదా?"

"వానికేమిటికిలే వదినా."

అంత మామూలుగా అంది. పాలు పొంగుతున్నాయి చూడు అన్నంత మామూలుగా. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు వచ్చింది కథ, మొదటిసారి, వీడికి ఆరేడు నెలలప్పుడు, బడి దగ్గరికి తానే ఎత్తుకుపోయిందట, ఆ రోజు కూర్చున్నతను పిల్లవాడి మెడ వాలిపోతుండడం చూసి, ఇట్లాంటి బిడ్డకు వద్దులేమ్మా, ఏమన్నా అయితే మా మీదికి వస్తాది అన్నాడట. వరసలో వెనక ఇరవై మంది ఆడవాళ్లు. అందరూ చూస్తున్నారు. ఆ రోజు లక్ష్మీదేవి పిల్లవాడి ముఖం మీద కొంగు కప్పుకుని ఇంటికి వచ్చింది, తరువాత మళ్లీ పోలేదు. ఇంటికి వచ్చిన వాళ్లు ఐదేళ్ల లోపు పిల్లలెంతమంది అని అడిగితే లేరు అంది, హేమలత పుట్టాక ఒకతే అంటోంది. "ఎవురన్నా చూసి మల్లా అట్ల అంటే నేను తట్టుకోలేను వదినా" అని నిన్న చెప్పి ఏడ్చింది. సిద్దమ్మకు అప్పుడు ఆమె మీద కోపం పోయింది, కోపం పోలేదు, వేరే చోటికి పోయింది, ఆ కుర్చీలో కూర్చున్నతని మీదికి, పేరు తెలియదు, ముఖం తెలియదు, ఒక్క మాట అని టీ తాగుతూ మరిచిపోయి ఉంటాడు, ఆ మాట ఈ ఇంట్లో నాలుగేళ్లు కాపురం చేసింది.

నీడ కాలువ దగ్గరికి వచ్చింది. గంగాధర్ మూలిగాడు, ఆమె వాడి తలను ఎడమ మోచేతి మీదికి మార్చుకుంది. పుట్టినప్పుడు ఎంత సంబరం, మొగపిల్లోడని ఓబులేషు కుందుర్పి నుంచి రెండు కేజీల బెల్లం తెచ్చి వీధంతా పంచాడు, తొట్టిలు వేసిన రోజు వాడి చెవిలో పేరు చెప్పింది సిద్దమ్మే, మేనత్త చెప్పాలి కదా, గంగాధర్, గంగాధర్, గంగాధర్, మూడుసార్లు. కాన్పు రెండు రోజులు కష్టమైంది, ఊపిరందక నల్లబడి పుట్టాడు, అయినా ఏడ్చాడు కదా అని అందరూ ఊరుకున్నారు. ఆరు నెలలకు మెడ నిలవలేదు, ఏడాదికి కూర్చోలేదు, మెల్లమెల్లగా పిల్లవాడు లెక్కలోంచి జారిపోయాడు, ఎవరూ తీసేయలేదు, దానంతట అదే జారింది. ఎవరైనా నీకెంతమంది పిల్లలన్నా అని ఓబులేషును అడిగితే ఒక క్షణం ఆగి చెప్తాడు. ఆ ఒక క్షణం సిద్దమ్మకు బాగా తెలుసు, వాళ్ల నాయన కూడా అట్లాగే ఆగేవాడు. రేషను కార్డు రాసేటప్పుడు, జనాభా లెక్కల మనిషి వచ్చినప్పుడు, ఇంట్లో ఎంతమందప్పా అంటే నాయన ఆగేవాడు, తర్వాత నలుగురు అనేవాడు, తాను గాదె పక్కన కూర్చుని వినేది, అవ్వ, నాయన, అమ్మ, తమ్ముడు. నలుగురే. వేళ్లు మడిచి లెక్కపెట్టుకునేది, ఐదో వేలు మిగిలిపోయేది, దాన్ని కూడా మడిచి పిడికిలి చేసేది.

గాదె. అవ్వ. ఆ రోజు కూడా ఇట్లాగే మధ్యాహ్నం, ఎండ, ఆమెకు నాలుగేళ్లు ఉంటాయేమో, అంతకు రెండేళ్ల ముందు జ్వరం వచ్చి కాళ్లు పోయాయి, మశూచికి టీకాలు వేసే మనిషి ఊరికి వచ్చాడు, ఖాకీ నిక్కరు, భుజాన సంచి, సూది మొన కాల్చి చల్లార్చి జబ్బ మీద గుచ్చేవాడు, వీధి పిల్లలంతా గోల. అవ్వ అందరినీ వరసగా నిలబెట్టింది, పెద్దనాయన పిల్లలు, పక్కింటి పిల్లలు, సిద్దమ్మ నేల మీద పాకుతూ తానూ వరసలోకి వచ్చింది, చేయి చాపింది, తనకు బాగా గుర్తుంది, భయపడలేదు, చాపింది. "ఇదేమిటికిలే నాయనా, దీన్ని ఆయమ్మకే ఇడిసిపెట్టు, తీసుకపోతే పోనీ" అంది అవ్వ, ఆయమ్మ అంటే మశూచి అమ్మవారు. అవ్వ చెడ్డది కాదు, రోజూ తలకు నూనె పెట్టేది, పక్కన పడుకోబెట్టుకునేది, తనకు పెట్టిన పెరుగన్నంలో సగం పెట్టేది. అయినా ఆ మాట అంది. టీకా మనిషి సిద్దమ్మను దాటి పక్క పిల్ల చేయి పట్టుకున్నాడు.

అందుకే ఆమె జబ్బ నున్నగా ఉంటుంది. ఈ ఊళ్లో ఆమె ఈడు ఆడవాళ్లందరి జబ్బల మీదా గుండ్రటి మచ్చ ఉంటుంది, బటాణీ గింజంత, కొందరికి రెండు. జాకెట్ కొలతకు వచ్చి కొంగు తీసి చేయి చాపితే టేపు సరిగ్గా దాని మీదుగా పోతుంది, పొడుగు ఇంత, చుట్టుకొలత ఇంత, మచ్చ ఇక్కడ. పద్దెనిమిదేళ్లుగా కుడుతోంది, చేత్తో తిప్పే మిషను మీద, ఊరి ఆడవాళ్ల చేతులన్నీ ఆమెకు తెలుసు, ముఖాలు దాచుకున్నా జబ్బ చూసి పేరు చెప్పగలదు. నీ చేయి ఎంత నున్నగా ఉండాది సిద్దీ, ఒక్క మచ్చ లేదే, అని మెచ్చుకుంటారు. వాళ్లకు తెలియదు. చదును చేసి విత్తనం వేయకుండా వదిలేసిన చేని చెక్కలాగా ఉంటుంది ఆ జబ్బ ఆమె కంటికి. ఆయమ్మ తీసుకుపోలేదు, మశూచే లోకంలోంచి పోయింది, సిద్దమ్మ ఉంది. ముప్పై ఆరేళ్లు వచ్చాయి, ఉంది. ఇడిసిపెట్టు అన్నారు, ఇడిసిపెట్టారు, అయినా బతికింది, దానికి వాళ్లెవరూ కారణం కాదు.

నీడ కాలువను తాకింది. మూడున్నర. ఆదివారం నాటి సంగతి గుర్తొచ్చింది, మూడు చక్రాల బండి తిప్పుకుంటూ గుండీలు కొనడానికి అంగడికి పోతూ బడి ముందు ఆగింది, పసుపు బ్యానరు, మైకులో పాట, చుక్కల వాళ్లు ఎప్పటిలాగే పై వరండాలో కూర్చున్నారు, ఐదు మెట్ల పైన, నీడ అక్కడే ఉంటుంది కాబట్టి. ఐదు మెట్లు. ఆమె ఒక్కతే అయితే చేతుల మీద ఎక్కగలదు, ఎక్కి చూపించింది కూడా, ఓటు వేసిన రోజు, బూతులోని పెద్దమనిషి లేచి అయ్యో అయ్యో అన్నాడు, అయ్యో అనడానికి బదులు బల్ల కిందికి దించి ఉంటే సరిపోయేది. బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఎక్కలేదు. బిడ్డను ఎక్కడ పెట్టాలి, పళ్లతో కరుచుకోవాలా. ఎత్తుకొస్తాం ఇయ్యి అంటారు, ఎత్తుకోవడం తెలియదు వాళ్లకు, మెడ వెనక్కి వాల్చేస్తారు, వాడికి ఊపిరాడదు, చూశారా ఇట్లాంటి బిడ్డకు వద్దన్నాం అంటారు. అన్నీ వాళ్లే చేసి.

"ఏమి సిద్దీ, గడపకు కాపలా కూర్చున్నావా, దొంగలు వస్తాండారా?" నీళ్ల బిందెతో పోతూ తిరుపాలమ్మ ఆగింది, పక్క వీధి మనిషి, నోరు ఊరుకోదు.

"జీపు వస్తాండాది."

"ఓ, ఈ గీత నీదేనా? ఇంత కిందికి గీస్తే కుక్కలు చూస్తాయి గానీ జీపోళ్లు చూస్తారా?" అని నవ్వింది, తర్వాత పిల్లవాడిని చూసి గొంతు తగ్గించింది. "వానికి ఎట్లా ఉండేది ఉండాది కదా సిద్దీ. ఇంకేమిటికి ఈ తిప్పలు?" బిందె నడుము మీద సర్దుకుని పోయింది.

ఎట్లా ఉండేది ఉండాది. అందరూ ఇదే మాట, తిప్పి తిప్పి ఇదే. కుంటిదానికి ఇంక పోయేదేముంది అంటారు, చేయి ఉంది పోయేదానికి, ఊపిరి ఉంది పోయేదానికి. కాళ్లు పోయిన మనిషికి జ్వరాలు రావడం మానేస్తాయా, తేళ్లు కుట్టడం మానేస్తాయా. ఒక రోగం ఉన్న ఒంటి మీద ఇంకొకటి వాలదని ఈ ఊరికి ఎవరు రాసిచ్చారు. సంఘం మీటింగుకు వచ్చిన డాక్టరు చెప్పాడు, ఐదేళ్లలోపు ప్రతి బిడ్డకూ, ఏ బిడ్డకూ మినహాయింపు లేదు అని, మినహాయింపు అనే మాట ఆమెకు నచ్చి ఇంటికి వచ్చేదాకా బండి తిప్పుతూ నోట్లో నానబెట్టుకుంది. మినహాయింపు లేదు. మినహాయింపు లేదు. అయితే తిరుపాలమ్మ ఒకటి మాత్రం నిజం చెప్పింది, గీత కిందికి ఉంది. జీపులో కూర్చున్న వాళ్ల కళ్లు పైన ఉంటాయి, తలుపు పైన చూస్తారు, నీళ్ల మరక తప్ప ఏమీ లేదు, ఇల్లు దాటిపోతారు. లక్ష్మీదేవిని పిలిచి పైన గీయమంటే గీస్తుందా, గీయదు, వణుకుతుంది. అడగను. నా ఎత్తులో నేను గీశాను, చూడాల్సింది వాళ్లు. కానీ చూడకపోతే.

నీడ ఎదురింటి అరుగు మొదటికి పోతోంది. దూరంగా, పెద్దవీధి వైపు, ఇంజను చప్పుడు, లేదు, అది టీవీఎస్, ఆదిరెడ్డి కొడుకుది, పోయింది. మళ్లీ ఏమీ లేదు. వేరుశనగ పొట్టు గాలికి లేచి వీధిలో తిరుగుతోంది, ఈ సారి పంట పొట్టే. బండి. గోడ పక్కన ఆమె బండి ఉంది, మూడు చక్రాలది. ఈ సందు ఎంత వెడల్పు, జీపు ఒకటి పడుతుంది, జీపూ బండీ పట్టవు. సిద్దమ్మ ఒక్కసారి ఆలోచించింది, రెండోసారి ఆలోచించలేదు. గంగాధర్‌ను గడప లోపల చాప మీద పక్కకు తిప్పి పడుకోబెట్టి, చేతులకు చెప్పులు తొడుక్కుని, గోడ దాకా పాకి, బండి చక్రం పట్టుకుని నెట్టింది, నెట్టి పాకింది, పాకి నెట్టింది, సందు నడిమిదాకా, అడ్డంగా తిప్పింది, బ్రేకు లేదు కాబట్టి చక్రం కింద రాయి పెట్టింది. వెనక్కి వచ్చి పిల్లవాడిని ఒళ్లోకి తీసుకుంది. ఎద కొట్టుకుంటోంది. భయంతో కాదు. కొంచెం భయంతోనే.

జీపు నీడ కన్నా ముందే వచ్చింది. తెల్లటి జీపు, ముందు డ్రైవరు పక్కన సూపర్‌వైజరు ఆదెప్ప, వెనక నీలం ఐసు డబ్బా ఒళ్లో పెట్టుకుని నర్సు రామసుబ్బమ్మ. అనుకున్నట్టే ఎవరి కళ్లూ కిందికి రాలేదు. హారన్ కొట్టారు. ఇంకోసారి కొట్టారు. ఆదెప్ప తల బయట పెట్టి అప్పుడు చూశాడు, బండిని, తర్వాత గడపలో మనిషిని.

"ఏమమ్మా, నడిదోవలో పెట్టినావు? తీయి, మాకింకా మూడూర్లు ఉండాయి."

"తీస్తా సార్. ముందు ఆ డబ్బా దించండి."

రామసుబ్బమ్మ దిగి వచ్చింది, తలుపు వైపు చూసింది. "ఈ ఇంటికి నిన్న నేనే పీ రాసినా కదా, యాడ పోయింది?"

"నేనే తుడిచినా."

"మేము రాసింది తుడిచేకి నువ్వెవురు?" ఆదెప్ప కూడా దిగాడు.

"ఈ ఇంటి మనిషిని సార్. లెక్కల్లో లేను, అంతే." ఒళ్లోని పిల్లవాడి చేయి పైకెత్తింది. "వీడు గూడా లేడు. ఐదేండ్లకు ఇంకా నెల తక్కువ. ఒక్కసారి గూడా వేయలేదు."

ఆదెప్ప పిల్లవాడిని చూశాడు, మెడను చూశాడు, గొంతులోకి జాలి తెచ్చుకున్నాడు, సిద్దమ్మకు ఆ జాలి మీదే అన్నిటికన్నా ఎక్కువ మంట. "వానికి ఇప్పటికే వచ్చిండాది కదమ్మా. ఇంకేమిటికి చుక్కలు?"

"వానికి వచ్చింది పోలియో కాదు సార్, పుట్టేటప్పుడు ఊపిరి అందక వచ్చింది. పోలియో వచ్చింది నాకు." చీర అంచు పక్కకు తీసి కాళ్లు ముందుకు చాపింది, చేత్తో ఒకటి, చేత్తో ఒకటి, సన్నటి కాళ్లు, వీధిలో ఎవరికీ ఎన్నడూ చూపించని కాళ్లు. "బాగా చూడండి. వానికుండేది చాలదని ఇది గూడా రావల్నా?"

డ్రైవరు ఇంజను ఆపేశాడు. రామసుబ్బమ్మ డబ్బా మూత తీస్తూ తీస్తూ ఆగింది. "వేస్తానమ్మా, గానీ గొంతుకు పట్టుకుంటే? నా మీదికి వస్తాది."

మళ్లీ అదే మాట, నాలుగేళ్లనాటి మాట, మనిషి మాత్రం వేరు. ఈమె కళ్లలో నిజంగా భయం ఉంది, అది చూసి సిద్దమ్మ గొంతు తగ్గించుకుంది. "దినాము మూడు పూటలా వానికి నేనే తాపిస్తా అక్కా. పండబెట్టొద్దు, తల ఎనక్కి వంచొద్దు. ఇట్ల కూర్చోబెట్టి, గదవ కొంచెం కిందికి, చెంప లోపల పక్క వేయి. నేను పట్టుకుంటా." వాడిని ఎదకు ఆనించి కూర్చోబెట్టింది, అరచేత్తో నుదురు పట్టింది. నర్సు మోకాళ్ల మీద కూర్చుంది. నేల మీద. సిద్దమ్మ ముఖానికి సమానంగా ఆమె ముఖం వచ్చింది. ఒక చుక్క, రెండు చుక్కలు. నాలుక ముందుకు తోసింది, గులాబీ రంగు మందు గదవ మీదికి కారింది.

"ఉమ్మేసినాడు" అన్నాడు ఆదెప్ప, చూశావా అన్నట్టు.

"ఉమ్మేసిన బిడ్డకు మల్లా వేయరా? పోయినసారి ఎదురింటి పాపకు మల్లా వేసినారు. నేను చూసినా."

వేస్తారు. రామసుబ్బమ్మ పైకి చూడకుండా సీసా మళ్లీ వంచింది. ఈసారి సిద్దమ్మ వాడి గదవ కింద వేలు ఆనించి పైకి నిమిరింది, సంగటి నీళ్లకు నిమిరినట్టే, గంగాధర్, గంగాధర్, గంగాధర్ అంది చెవిలో, మూడుసార్లు. వాడి గొంతు కదిలింది. మింగాడు.

సిరా పెన్ను తీసి నర్సు పిడికిలి పట్టుకుని లాగబోయింది. "లాగొద్దు అక్కా" అని సిద్దమ్మ మణికట్టును లోపలికి వంచింది, మెల్లగా, వేళ్లు ఒకటొకటే విచ్చుకున్నాయి, అన్నిటికన్నా చివర చిటికెన వేలు. తెల్లటి గోరు మీద నల్లటి గీత పడింది. గుమ్మం లోపల నిలబడిన లక్ష్మీదేవి అది చూస్తూ ఎప్పుడు బయటికి వచ్చిందో, సిద్దమ్మ పక్కన కూర్చుంది, వదిన చేతిలోంచి ఆ మణికట్టు తన చేతిలోకి తీసుకుంది, తనూ వంచి చూసింది.

ఆదెప్ప జేబులోంచి సుద్దముక్క తీసి తలుపు పైన చేయి పెట్టాడు. "ఇంట్లో ఐదేండ్ల లోపల ఎంతమందమ్మా?"

లక్ష్మీదేవి ఒక క్షణం ఆగింది. ఆ క్షణం సిద్దమ్మకు తెలుసు, పుట్టినప్పటి నుంచీ తెలుసు.

"ఇద్దరు" అంది లక్ష్మీదేవి. "పెద్దోని పేరు గంగాధర్."

పేరు రాయరు, అంకెలే రాస్తారు, అయినా చెప్పింది. ఆదెప్ప రాయబోతుంటే సిద్దమ్మ ఆపింది. "ఆడ కాదు సార్, ఈడ రాయండి, నా గీత కాడ. నాకు కనపడల్ల." ఆయన వంగాల్సి వచ్చింది. ఇంటు పక్కన పీ రాసి కింద రెండుకు రెండు వేశాడు, లేచి చేతులు దులుపుకుని, "ఇంక బండి తీయమ్మా" అన్నాడు.

"నాగన్న ఇంట్లో కండ్లు కనపడని పాప ఉండాది. రెండేండ్లు. వెంకటప్ప మనవరాలు, దానికి మాట లేదు, ఎనక కొట్టంలో పండబెట్టింటారు. ఇంకా ఇద్దరుండారు కొత్త కాలనీలో. ఆ తలుపుల మీద గూడా పీలే ఉంటాయి, చూసుకోండి." జాకెట్లు కుట్టే మనిషికి తెలియని ఇల్లు ఊళ్లో లేదు.

ఆదెప్ప రామసుబ్బమ్మ వైపు చూశాడు, ఆమె తల దించుకుంది, డబ్బాలో ఇంకా సీసా ఉందో లేదో చూసుకుంది, ఉంది. "సరే, జీపెక్కమ్మా, చూపిద్దువు" అన్నాడు.

"జీపు ఎత్తు సార్. నా బండి ఉండాది. నా ఎనకాల రాండి."

పిల్లవాడిని తల్లి ఒళ్లో పెట్టింది, తల ఎక్కడ ఆనించాలో చూపించింది. చెప్పులు తొడుక్కుంది, పాకింది, రాయి తీసింది, రెండు చేతుల మీద ఒంటిని లేపి సీటు మీదికి వేసుకుంది, ఎవరో సాయానికి వస్తే వద్దంది. చేతి పెడళ్లు పట్టుకుని సందు మధ్యలోంచే తిప్పింది. ఎదురింటి అరుగు మీదికి నీడ ఎక్కింది. తిరుపాలమ్మ ఖాళీ బిందె పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడింది. చేతులు నొప్పిగా ఉన్నాయి, ఇంకా నాలుగిళ్లు, కొత్త కాలనీ ఎత్తులో ఉంది, ఆయాసం వస్తుంది, రానీ. వెనక ఇంజను గుర్రుమంటోంది, డ్రైవరు ఒకసారి హారన్ కొట్టాడు, ఇంకోసారి కొట్టాడు. సిద్దమ్మ పక్కకు తప్పుకోలేదు.